తిట్లు దాచుకోమన్న తాత

న్యాయానికి రక్తం తీసే గదిలోంచి ఏడుపులు వినిపించాలి. ఆ పిల్లల ఆస్పత్రిలో మాత్రం తిట్లు వినిపిస్తాయి.

"నువ్వు దోమకి మేనమామవి."

"నీ మీసంలో బొద్దింకలు కాపురం పెట్టాలి."

"నీ చెప్పుల్లో జిగురు పొయ్యా."

కొత్తగా వచ్చిన అమ్మానాన్నలు గుమ్మంలోనే ఆగిపోయి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇక్కడ పిల్లల్ని బాగుచేస్తారా, చెడగొడతారా అని వాళ్ళ అనుమానం. అనుమానం రావడంలో తప్పేమీ లేదు. బడిలో అంటే తోలు వలిచే మాటలు ఇక్కడ తెల్లకోటు వేసుకున్న పెద్దమనిషి దగ్గరుండి అనిపిస్తున్నాడాయె.

ఆ తిట్లు తినే మనిషి కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంటాడు. బట్టతల, గుబురు మీసం, మడత నలగని కోటు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన పని గాజు గొట్టాలు కడగడం. కడుగుతూ కడుగుతూ సూది పట్టడం నేర్చుకున్నాడు, పరీక్ష రాశాడు, ఆ స్టూలెక్కాడు. ఎక్కినవాడు ఇప్పటిదాకా దిగలేదు. పిల్లలు ఆయనకు తిట్ల తాత అని పేరు పెట్టారు. పెద్ద డాక్టరమ్మ కూడా ఆ పేరుతోనే పిలుస్తుంది, కాకపోతే మర్యాదకు చివర ఒక 'గారు' తగిలిస్తుంది.

ఆయన పద్ధతిలో మాయలూ మంత్రాలూ లేవు. పిల్ల వచ్చి ఎదురుగా కూర్చోగానే మొదటి మాట, "నొప్పి పుడుతుంది." తల్లులు ఉలిక్కిపడతారు. పిల్ల పెదవి విరిచేలోపే రెండో మాట, "నొప్పి పెట్టేది నేనే కాబట్టి నన్ను తిట్టు. సూది లోపల ఉన్నంతసేపూ ఏమన్నా పడతాను. బయటికి తీశాక మళ్ళీ మర్యాద." ఎంత ఏడుపుగొట్టు పిల్లకైనా అంతలేసి మీసాలున్నవాణ్ణి అమ్మ ఎదురుగా తిట్టే భాగ్యం రోజూ దొరుకుతుందా? గట్టి తిట్టు కోసం వెతుక్కుంటూ చెయ్యి సంగతి మరిచిపోతుంది. ఈలోగా ఆయన పని ఆయన చేసేసుకుంటాడు.

నిజం చెప్పాలన్న పట్టుదల ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. స్టూలెక్కిన కొత్తలో ఒక తల్లి కొడుకును బుజ్జగించి తీసుకొచ్చింది, ఫొటో తీస్తారు నవ్వు నాన్నా అని. వాడు తల కూడా దువ్వించుకుని వచ్చాడు. చెయ్యి చాపమంటే చాపి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. సూది దిగింది. వాడు ఏడవలేదు, తల్లివైపు తిరిగి ఒక్క చూపు చూశాడు. ఆ చూపు ఈయనకు అన్నం సయించకుండా చేసింది. అప్పటినుంచి ఈ గదిలో అబద్ధం చెల్లదని తనకు తానే శాసనం రాసుకున్నాడు. తల్లిదండ్రులు "ఏమీ కాదు, చీమ కుట్టినట్టుంటుంది" అంటే ఒళ్ళు మండిపోయేది. "చీమకి నాకంత జీతం ఇవ్వరండీ" అనేవాడు. కోప్పడాల్సిన చోట ఎకసెక్కం ఆడటం ఆయనకు అలవాటు.

ఇలా సాఫీగా సాగిపోతున్న రోజుల్లో ఆ చుట్టుపక్కల బడులన్నిటికీ చేయి-కాలు-నోటి జబ్బు పాకింది. పసివాళ్ళను పట్టే జబ్బు. ముందు జ్వరం, ఆ వెనక అరచేతుల్లో, అరికాళ్ళలో పొక్కులు, నోటినిండా పుళ్ళు. ఎక్కువమందికి దానంతటదే తగ్గిపోతుంది. అయితే ఒకరికి ఆడుతూ పాడుతూ తగ్గిపోయిన జబ్బు ఇంకొకరిని ఎందుకు కుదేలు చేస్తుంది? ఒకసారి వచ్చినవాళ్ళకే మళ్ళీ ఎందుకొస్తుంది? పెద్ద డాక్టరమ్మ దీన్ని పరిశోధిద్దామని కూర్చుంది. తిట్ల తాతకు అర్థమయ్యేలా చెప్పాలని ఆవిడ తాపత్రయం, ఎందుకంటే రక్తం తియ్యాల్సింది ఆయనే.

"తాతగారూ, ఒంట్లో ఒక కాపలావాడు ఉన్నాడనుకోండి," అంది ఆవిడ. "దొంగ ఒకసారి దూరితే వాడి మొహం గుర్తుపెట్టుకుంటాడు. మళ్ళీ వాడే వస్తే గుమ్మంలోనే మెడపట్టి గెంటేస్తాడు. ఈ జబ్బులో చిక్కేంటంటే దొంగలు అన్నదమ్ములు. అన్నను గుర్తుపట్టినవాడు తమ్ముణ్ణి గుర్తుపట్టడు."

"మా కాలనీ కాపలావాడు నన్నే గుర్తుపట్టడు మేడమ్."

"అదిగో, అలాంటివాళ్ళూ ఉంటారు. ఎవరి కాపలావాడు ఎంత గట్టివాడో రక్తంలో తెలుస్తుంది. జబ్బు ఉన్నప్పుడు ఒకసారి తియ్యాలి, అప్పటికి వాడు ఇంకా కళ్ళు నులుముకుంటూ ఉంటాడు. తగ్గి కొన్ని వారాలయ్యాక ఇంకోసారి తియ్యాలి, అప్పటికి వాడికి దొంగ మొహం కంఠతా వచ్చేస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే కథ తెలిసేది. మొదటిది ఒక్కటే ఉంటే నాకు ఉపయోగం లేదు."

అసలు తంటా అక్కడే ఉంది. పిల్ల జ్వరంతో మూలుగుతుంటే ఎవరైనా ఆస్పత్రికి పరిగెత్తుకొస్తారు. జబ్బు తగ్గి గెంతులు వేస్తున్న పిల్లను పట్టుకొచ్చి, మళ్ళీ సూది గుచ్చండి అని ఏ తల్లి అడుగుతుంది? పరిశోధనకు ఒప్పుకుని సంతకం పెట్టినా మళ్ళీ రావాలని నిర్బంధం లేదు, ఉండకూడదు కూడా. ఇంతకుముందు ఇలాంటి పరిశోధన ఒకటి రెండో రక్తం దొరక్క అటకెక్కిందని డాక్టరమ్మ దిగులు.

తిట్ల తాతకు వేరే దిగులు. మొదటి పిల్లవాడు వచ్చి కూర్చున్నాడు. "నొప్పి పుడుతుంది, నన్ను తిట్టు" అన్నాడు ఈయన. వాడు నోరు తెరవబోయి, మంటకు కళ్ళనీళ్ళు పెట్టుకుని మూసేశాడు. నోటినిండా పుళ్ళాయె, ఏమని తిడతాడు? గుటక వెయ్యడమే గగనంగా ఉంది. ఇన్నేళ్ళుగా పనిచేసిన ఆయుధం ఈ జబ్బు ముందు తుస్సుమంది. పిల్లవాడు కళ్ళతోనే నానా తిట్లూ తిడుతూ కూర్చున్నాడు. ఆ అవస్థ చూడలేక ఈయన నోటివెంట అనుకోకుండా ఒక మాట వచ్చింది.

"ఇప్పుడు వద్దులే. దాచుకో. నోరు బాగయ్యాక వచ్చి అన్నీ కలిపి తిడుదువుగాని. మంచి మంచివి ఆలోచించుకుని రా."

ఆ తర్వాత వచ్చిన పిల్లలందరికీ అదే చెప్పాడు. చెప్పి తనూ మరిచిపోయాడు.

ఇది జరుగుతుండగానే జబ్బు ఆయన ఇల్లు కూడా వెతుక్కుంటూ వచ్చింది.

కూతురు కాపురం పైవాటాలోనే. మనవరాలికి అందరూ పెట్టుకున్న ముద్దుపేరు మిరపకాయ. ఇంకా అక్షరాలు నేర్చుకుంటున్న వయసు, మాటలు మాత్రం కోటలు దాటతాయి. సాయంత్రం ఆయన చెప్పులు విప్పేలోపు మెట్లమీంచి దడదడా దిగొచ్చి ఒళ్ళో కూర్చుంటుంది. ఆ రోజు ఎవరెవరు ఏమేం తిట్టారో అప్పజెప్పాలి. బాగున్న తిట్లకు నవ్వుతుంది, నాసిరకం తిట్లకు పెదవి విరుస్తుంది. అమ్మమ్మ వంటింట్లోంచి "ఉన్న విద్యలు చాలవని ఇవి కూడా నేర్పుతున్నారా" అని సణుగుతుంది. ఆయనకు రోజు మొత్తానికీ అదే మంచి గడియ.

అలాంటి పిల్ల ఒళ్ళు కాలిపోతూ, అరచేతుల్లో ఎర్రటి పొక్కులతో, చొంగ మింగలేక గడ్డమంతా తడిసిపోయి తల్లి భుజం మీద వాలిపోయి దిగింది. ఆస్పత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ చూసి, భయపడాల్సిందేమీ లేదంది, ఇష్టమైతే పరిశోధనలో చేర్చవచ్చంది. కూతురు "తీసేది మా నాన్నే కదా" అని సంతకం పెట్టేసింది.

గదిలో సాయంగా ఉండే చిన్న నర్సు ముందే అంది, "బాబాయ్, పాపకు నేను తీస్తాను. మీరలా బయట కూర్చోండి."

"నా మనవరాలికి ఇంకొకరి చెయ్యెందుకమ్మా?" అన్నాడాయన. ఎంత అనుభవం ఉంటేనేం, మనవరాలి దగ్గరికొచ్చేసరికి మనిషి తాతే అవుతాడు.

పిల్ల తనంతట తనే చెయ్యి చాపింది. తాత కాబట్టి చాపింది. జ్వరంతో బరువెక్కిన కళ్ళెత్తి ఆయన మొహంలోకి చూసింది. అలవాటు ప్రకారం "నొప్పి పుడుతుంది" అనాలి. ఇన్నేళ్ళలో ఎవరికీ తప్పించని మాట. అది అనలేదు. బదులుగా, "ఏమీ కాదు తల్లీ. నొప్పే ఉండదు. తాత ఉన్నాడుగా" అన్నాడు.

అన్నాక చెయ్యి వణికింది. సూది దిగింది గానీ నరం దొరకలేదు. తీసి మళ్ళీ గుచ్చాల్సి వచ్చింది. పిల్ల ఏడవడానికి నోరు తెరిచి, పుళ్ళ మంటకు మూసుకుంది. ఆయనవైపు చూసింది. ఆ చూపు ఆయన ఎరిగినదే. అప్పుడు తల్లిని చూసిన ఫొటో పిల్లవాడి చూపు, ఇప్పుడు తనమీద పడింది. దూది అదుముతూ ఏదో అనబోయాడు, పిల్ల మొహం తిప్పేసుకుని తల్లి భుజంలో దాచుకుంది. తిట్లు దాచుకోమని చెప్పడానికి కూడా ఆయనకు మొహం చెల్లలేదు.

జబ్బు తగ్గింది. చల్లటి పాలు, మెత్తటి అన్నం లోపలికి వెళ్ళాయి, పొక్కులు ఎండాయి, నోరు మామూలైంది. మామూలైన నోటితో మిరపకాయ లోకమంతటితో మాట్లాడింది, తాతతో తప్ప. సాయంత్రం కిందికి దిగడం మానలేదు. వచ్చి అమ్మమ్మ పక్కన కూర్చునేది. ఈయన సోఫాలో అడ్డంగా కూర్చుంటే, "అమ్మమ్మా, తాతని కాస్త జరగమను" అనేది. ఈయన జరిగేవాడు. బిస్కెట్లు తెస్తే, "అమ్మమ్మా, అక్కడ పెట్టమను" అనేది. ఈయన పెట్టేవాడు. ముసలావిడ మొదట నవ్వుకుంది, తర్వాత్తర్వాత నవ్వడం మానేసింది.

"చిన్నపిల్ల. నాలుగు రోజులు పోతే అదే మరిచిపోతుంది," అంది ఒకసారి.

"మరిచిపోతే నాకేం లాభం? మళ్ళీ నమ్మాలి," అన్నాడాయన. అని, కళ్ళజోడు తుడుచుకున్నాడు.

ఆ నమ్మకం ఎంత పోయిందో గోళ్ళ దగ్గర తేలింది. జబ్బు తగ్గిన కొన్ని వారాలకు పిల్ల వేలిగోళ్ళు మొదళ్ళ దగ్గర లేచి పొరలుగా ఊడటం మొదలెట్టాయి. అమ్మమ్మ గుండె బాదుకుంది. ఆయన పేపరు పక్కన పెట్టి చూశాడు. ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో కొందరికి ఇలా అవుతుంది, కింద కొత్త గోరు తయారుగా ఉంటుంది, అదేమంత విడ్డూరం కాదు. "ఏమీ కాదు, కొత్తవి వస్తాయి" అన్నాడు.

మిరపకాయ వేళ్ళు గుప్పిట్లో దాచుకుంది. "అమ్మమ్మా, అది నిజమేనా అని డాక్టరమ్మని అడుగు. తాత అన్నిటికీ ఏమీ కాదనే చెప్తాడు."

ఆ మాటకు ఆయన పేపరు మళ్ళీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఒక్క ముక్క చదివితే ఒట్టు.

విచిత్రమేమిటంటే ఆస్పత్రిలో అదే సమయంలో ఆయన దశ తిరిగిపోయింది. పిల్లలు తిరిగొస్తున్నారు. వాళ్ళను పెద్దవాళ్ళు తేవడం లేదు, పెద్దవాళ్ళనే వాళ్ళు లాక్కొస్తున్నారు. ఒక తండ్రి సిగ్గుతో చచ్చిపోతూ చెప్పాడు, "పొద్దున్న లేస్తే ఇదే గొడవండీ, తాతని తిట్టాలి తీసుకెళ్ళమని. అద్దం ముందు నిలబడి సాధన కూడా చేస్తున్నాడు. మా ఇంట్లో ఇలాంటి మాటలు ఎవరూ అనరండీ, ఒట్టు." వాడు స్టూలుకు ఎదురుగా ఠీవిగా కూర్చుని, చెయ్యి చాపి, సూది దిగడమే తడవుగా ఊపిరి తిప్పుకోకుండా అందుకున్నాడు, "పాచిపోయిన చెప్పువి, చెప్పులో రాయివి, రాయికింద తేలువి, నీ బట్టతల మీద వాన పడి గడ్డి మొలవా." ఆ తిట్ల దండకం అయ్యేసరికి గొట్టం నిండిపోయింది. వాడికింకా తిట్లు మిగిలే ఉన్నాయి.

డాక్టరమ్మ ఆనందానికి హద్దుల్లేవు. జతలు జతలుగా గొట్టాలు చేరుతుంటే వచ్చి చూసుకుని మురిసిపోయేది. "తాతగారూ, మీ తిట్లు నా పరిశోధనను నిలబెట్టాయి" అంది. ఆయన నవ్వాడు. పిల్లలు తిరిగిరావడం ఆయనకూ సంతోషమే, అబద్ధమెందుకు. కానీ ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చ గెలిచి ఇంటికెళ్ళి సోఫాలో ఒక పక్కకు జరిగి కూర్చుంటున్నాడు.

మిరపకాయ రెండో రక్తం ఇచ్చే రోజూ వచ్చింది. ముందు రోజు కూతురు మొహమాటపడుతూనే అంది, "నాన్నా, దానికిష్టం లేకపోతే మానేద్దాం. మేడమ్ కూడా బలవంతం లేదన్నారు."

"మానేద్దామమ్మా. దాన్ని అడిగి చూడు," అన్నాడాయన.

అడిగితే పిల్ల తీరిగ్గా ఆలోచించి తీర్పు చెప్పింది, "వస్తా. నర్సక్క అయితే వస్తా. తాత అయితే రాను."

అలాగే అనుకున్నారు. తన గదిలో తన స్టూలు మీద చిన్న నర్సును కూర్చోబెట్టి ఆయన వరండాలో నిలబడ్డాడు. లోపల పిల్లను పెద్ద కుర్చీలో కూర్చోబెట్టిన చప్పుడు వినిపించింది. నిలబడి నిలబడి ఇక ఆగలేక లోపలికి వెళ్ళాడు. సూదివైపు పోలేదు. మోకాళ్ళు కీచుమంటుంటే పిల్ల ఎదురుగా నేలమీద చతికిలబడ్డాడు. నర్సు చేతిలోని రబ్బరు పట్టీ చేతిలోనే ఆగింది. కూతురు కంగారుగా చూసింది.

"ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతాను," అన్నాడు.

పిల్ల కిటికీవైపు చూస్తోంది.

"ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను. నొప్పి పుడుతుందని నాకు తెలుసు. తెలిసే ఉండదన్నాను."

పిల్ల కిటికీవైపే చూస్తూ, మధ్యలో అమ్మమ్మ లేకుండా, సూటిగా ఆయన్నే అడిగింది, "ఎందుకు?"

"భయమేసింది."

"నువ్వు పెద్దవాడివి కదా."

"పెద్దవాళ్ళకీ వేస్తుందే. వేరే పిల్లలకి గుచ్చేటప్పుడు వెయ్యదు. నీకు గుచ్చాలంటే వేసింది. చెయ్యి వణికింది. అందుకే రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది."

పిల్ల ఇటు తిరిగింది. ఆయన మొహాన్ని, కళ్ళజోడు వెనక కళ్ళను పరీక్షగా చూసింది.

"ఇప్పుడూ వేస్తోందా?"

లేదంటే సరిపోయేది. తను పని నేర్పిన నర్సు చూస్తోంది, కన్న కూతురు చూస్తోంది. ఆయన సిగ్గు విడిచి "వేస్తోంది" అన్నాడు.

మిరపకాయ కుర్చీలో ఒక పక్కకు జరిగి, ఖాళీ అయిన చోటును అరచేత్తో తట్టింది. "అయితే పైకొచ్చి ఇక్కడ కూర్చో. నా ఈ చెయ్యి పట్టుకో. మొహం అటు పెట్టు తాతా. సూదివైపు చూడకు, చూస్తే ఇంకా భయమేస్తుంది."

ఆయన నేలమీంచి లేచి పిల్ల పక్కన కూర్చున్నాడు. సగం కుర్చీలో సగం గాల్లో ఉండి, చెప్పినట్టే గోడవైపు తిరిగాడు. కొత్త గోళ్ళు మొలుస్తున్న చిన్న వేళ్ళు ఆయన వేళ్ళ సందుల్లో దూరాయి. వెనకనుంచి నర్సు గొంతు వినిపించింది, "బంగారం, నొప్పి పుడుతుంది."

"తెలుసు," అంది పిల్ల.

వేళ్ళు ఒక్కసారి బిగుసుకున్నాయి. ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఎన్ని వేల సూదులు దించాడో, ఆ గదిలో ఆయన చూడకుండా దిగిన సూది ఇదొక్కటే. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకుందామంటే ఒక చెయ్యి పిల్ల దగ్గర ఉంది, రెండో చేత్తో పడిపోకుండా కుర్చీ అంచు పట్టుకుని ఉన్నాడు. కారనిచ్చాడు.

"అయిపోయింది తాతా. ఇటు తిరుగు."

ఆయన వెంటనే తిరగలేకపోయాడు.

"నొప్పి పుట్టింది," అంది మిరపకాయ. "బాగానే పుట్టింది. నువ్వు చూడకపోవడమే మంచిదైంది." అని, దూది అదిమిపెట్టమని తన మోచెయ్యి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.